నున్నటి కాడ

మనీలా
1989 జూన్ 11

అక్కకి,

నీ కుడిచెయ్యి నా నుదుటికి ఆనించుకుని రాస్తున్నాను.

ఈ ఉత్తరంతో పాటు ఒక పుస్తకం పంపుతున్నాను. రెండేళ్ళుగా ఏం చేస్తున్నావని నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు. పేరు 'మన దీవి మొక్కలు, పిట్టలు, సీతాకోకచిలుకలు'. రాసింది నేనే, బొమ్మలు వేసిందీ నేనే. ఈ బడుల సీజన్ నుంచి మన మరిందూకే దీవిలో ప్రతి ప్రాథమిక పాఠశాలకీ వెళ్తుంది. ఇప్పటిదాకా అక్కడి పిల్లలు ఎక్కడో మంచు దేశాల పిట్టల పేర్లు బట్టీపట్టారు. ఇకనుంచి వాళ్ళ పెరట్లో జెముడుకాకి గురించీ, దారిపక్క అత్తిపత్తి గురించీ చదువుతారు. ఆ మాటకి బడి పుస్తకాలు అచ్చువేసే మా ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు.

దాదాపు అంతా జ్ఞాపకం నుంచే రాశాను. పద్దెనిమిదేళ్ళకి ఊరు వదిలినా కాలవ గట్టు కళ్ళకి కట్టినట్టే ఉంది. పిట్టల పేర్లు చాలావరకు నువ్వు చెప్పినవే. ముందుమాటలో నీ పేరు వెయ్యడానికి చోటు చాలలేదు.

పద్నాలుగో పేజీ నీకు నచ్చకపోవచ్చు. నచ్చాలని రాయలేదు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. నీ మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి.

డెల్ఫీనా


ఇలాయా, మరిందూకే
జూన్ 29

ఫినా,

పుస్తకం అందింది. అట్ట బాగుంది. చెప్పడానికి ఉన్న మంచి మాట ఇదొక్కటే, అది అయిపోయింది.

నీ పుస్తకం నాకంటే ముందు బడికి చేరింది. తోమో మాస్టారు తెలుసుగా, నీతో పాటు చదివి ఇప్పుడు అదే బడిలో పాఠాలు చెబుతున్నాడు. ఆయనకి అచ్చులో ఉన్నదల్లా బైబిలే. పోయిన శుక్రవారం ఐదో తరగతి పిల్లల్ని వరసలో నిలబెట్టి, పద్నాలుగో పేజీ గట్టిగా చదివించి, చేతికి కొడవళ్ళిచ్చి కాలవ గట్టుకి తోలుకెళ్ళాడు. "త్రాసుతీగ. విషపు మొక్క. దీనివల్ల మనుషులు చనిపోయారు. కనబడితే వేళ్ళతో సహా పీకెయ్యాలి." నీ మాటలేగా ఇవి? నాలుగంటే నాలుగు ముక్కలు. వాటితో అర మైలు గట్టు బోడిగుండయింది.

నా వలగదిలో ఆ రోజు రెండు వందల పది గొంగళిపురుగులు ఉన్నాయి, అన్నీ బంగారు రెక్కల జాతివే. అవి త్రాసుతీగ ఆకు తప్ప మరో ఆకు ముట్టవు. ఈ సంగతి నువ్వే నలభై ఒకటో పేజీలో రాశావు. నలభై ఒకటో పేజీలో ఆ సీతాకోకచిలుక మన దీవికి గర్వకారణం, పద్నాలుగో పేజీలో అది తినే తిండి పీకి పారెయ్యాలి. పెళ్ళికి రమ్మని పిలిచి గుమ్మంలో కుక్కని కట్టేసినట్టుంది నీ మర్యాద.

నా కంచె మీదున్న తీగ ఐదు రోజులకే ఈనెలతో మిగిలింది. ఆకలేస్తే అవి ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. పొద్దున్నే లేచి చచ్చినవి చేటలోకి ఏరుతున్నాను. ముప్పై యేళ్ళుగా సీతాకోకచిలుకలు పెంచి అమ్మే ఈ పనే నాకు కూడు పెడుతోంది. ఈ యేడు నేను ఏం తింటానన్నది నువ్వు ఆలోచించలేదు, పోనీ. ఆ పురుగులు నీకేం అపకారం చేశాయి?

ఇంకా ఉంది. కూర్చుని చదువు.

పద్నాలుగో పేజీలో త్రాసుతీగ అని బొమ్మ వేసి కాడ నిండా బొడిపెలు పెట్టావు. ఇరవై రెండో పేజీలో బతుకుతీగ అని వేసి కాడ నున్నగా గీశావు. తారుమారు చేశావు తల్లీ. రెండింటికీ ఆకు ఒకటే తీరు, తమలపాకులా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ కప్ప వీపులా బొడిపెలున్నది బతుకుతీగ. నున్నగా ఉన్నది త్రాసుతీగ. నాలుగో తరగతితో బడి మానేసిన నాకు తెలిసింది మనీలాలో పుస్తకాలు రాసేదానికి తెలియకపోతే ఎలా? పిల్లలు పేరు చూసి ఒక తీగ పీకారు, బొమ్మ చూసి రెండో తీగ కూడా పీకారు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే.

అంతకంటే ఘోరం, ఇరవై రెండో పేజీలో ఆ నున్నటి కాడ బొమ్మ కింద "జ్వరానికి దీన్ని మరిగించి తాగుతారు" అని రాశావు. ఎవరైనా నీ బొమ్మ నమ్మి తాగితే? <s>నీకు అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు.</s>

పై వాక్యం కొట్టేశాను. చదవకు. ఇంట్లో ఇంకో కాగితం లేక తిరగ రాయలేదు.

చిన్న తప్పులు వదిలేస్తున్నాను. తోక విసనకర్రలా విప్పుకుని తిరిగే పిట్ట మనుషులంటే భయపడుతుందని రాశావు. మన ఊళ్ళో అది పిల్లిని పట్టుకుని తరుముతుంది, నన్ను రోజూ తిడుతుంది. దానికి భయమేమిటి?

ఆ పుస్తకాలు వెనక్కి తెప్పించు. నా పురుగుల కోసం కాదు. జ్వరాల కాలం వస్తోంది.

సలూద్


మనీలా
జూలై 8

అక్కకి,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను, చదివి బాత్‌రూంలోకి పోయి ముఖం కడుక్కున్నాను. ఏడుపొచ్చి కాదు, కోపంతో చెవులు కాలిపోయాయి.

నీ పురుగుల కోసం ఇంత పొడుగు ఉత్తరం రాశావు. అమ్మ పోయినప్పుడు నువ్వు రెండు మాటలకంటే మాట్లాడలేదు. "దీనివల్ల మనుషులు చనిపోయారు" అని రాశాను నిజమే. 'మనుషులు' అని మర్యాదకి రాశాను. 'మా అమ్మ' అని రాయాల్సింది.

నువ్వు మరిచిపోయావేమో, నేను గుర్తు చేస్తాను. నాన్న పడవ తిరిగిరాని మరుసటి యేడు. అమ్మకి చలిజ్వరం. నువ్వు సముద్రం అవతల లుసేనాలో ఎవరి ఇంట్లోనో బట్టలుతుకుతున్నావు. ఇంట్లో అమ్మా, ఎనిమిదేళ్ళ నేనూ. అమ్మ మంచంలోంచి చెయ్యి చూపించి బతుకుతీగ కోసుకు రమ్మంటే నేను రోజూ పొద్దున్నే కాలవ గట్టుకి పోయాను. తీగ ముట్టుకునే ముందు "తప్పుకోండి తాతలూ, నేనే" అని చెట్లలో ఉంటారనే కనపడని వాళ్ళకి చెప్పి మరీ కోశాను. నలభై రోజులు. వాన పడ్డ రోజు కూడా మానలేదు. నేనే దంచాను, నేనే మరిగించాను.

నువ్వేమో లుసేనా నుంచి ఎండు తీగ కట్ట పంపావు, నేను బడికి పోయినప్పుడు అమ్మకి అదీ కాచి ఇచ్చారట. బతుకుతీగ అనుకుని త్రాసుతీగ పంపావు. అమ్మ ముఖం ఉబ్బింది, కాళ్ళు ఉబ్బాయి, ఒంట్లో నీరు నిలిచిపోయింది. నువ్వు వచ్చిన నాలుగో రోజున పోయింది. ఇది నేను కల్పించింది కాదు. చర్చి మెట్ల మీద నిలబడి ఊరందరి ముందు నీ నోటితో నువ్వే చెప్పావు, నేను పంపిన కట్టే చంపింది అని. ఆ కట్ట ఎవరి కంటా పడకుండా వచ్చిన రోజే పొయ్యిలో వేశావు కూడా.

నువ్వు కొట్టేసిన వాక్యం నేను చదివాను. కాగితం వెనక్కి తిప్పి వెలుతురులో పెడితే కనిపించింది. నాకు అప్పుడూ తెలీదా? నలభై రోజులు నా చేత్తో కోశానక్కా. బతుకుతీగ కాడ నున్నగా, చల్లగా ఉంటుంది, అరచేతిలో జారుతుంది. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా ఆ కాడ నా చేతిలో ఉన్నట్టే ఉంటుంది. ఆ చేత్తోనే బొమ్మ వేశాను. నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. నేను తెచ్చింది బతికించే తీగ, నువ్వు పంపింది చంపే తీగ. అమ్మ కడుపులో ఆ రెండూ పోట్లాడుకున్నాయి, నీదే గెలిచింది.

అంత జరిగాక నువ్వేం చేశావు? అమ్మని చంపిన తీగనే వరసలు కట్టి పెంచావు. దాని మీద పురుగుల్ని మేపి బతికావు. 'సీతాకోకల సలూద్' అని పేరు తెచ్చుకున్నావు. నీ పెరట్లో కాలు పెట్టడానికి నాకు ఇరవై యేళ్ళుగా ఎందుకు మనసు రాలేదో ఇప్పటికైనా అర్థమైందా?

పుస్తకం మారదు.

డెల్ఫీనా


ఇలాయా
జూలై 19

ఫినా,

ఈసారి పెద్దలకి పెట్టే దండం పెట్టలేదు, నా చెయ్యి నుదుటికి ఆనించుకోలేదు. గమనించాను. సరే.

నీ ఉత్తరం అందాక దానికి జవాబు రాయకూడదనుకున్నాను. నాలుగో రోజు ఊళ్ళో ఇది జరిగింది కాబట్టి రాస్తున్నాను.

మన వెనకింటి ఇబ్యాంగ్ పెద్దమ్మ, నీకు చిన్నప్పుడు జడలు వేసింది, ఆవిడకి చలిజ్వరం వచ్చింది. ఆవిడ మనవరాలు పసింగ్‌కి ఎనిమిదేళ్ళు, చురుకైన పిల్ల. బడిలో ఇచ్చిన నీ పుస్తకం పట్టుకుని బొమ్మ చూసుకుంటూ వచ్చి, నన్నడిగితే పురుగులకి కావాలంటానని, నేను లేని సమయం చూసి నా కంచె మీద మిగిలిన తీగే తుంచుకుపోయింది. మధ్యాహ్నం నేను వాళ్ళింటికి జావ తీసుకెళ్ళేసరికి పొయ్యి మీద కుండ ఉడుకుతోంది. పక్కన పీటమీద ఇరవై రెండో పేజీ తెరిచి ఉంది, గాలికి మూసుకోకుండా దానిమీద గరిట పెట్టారు. పొయ్యి దగ్గర నున్నటి కాడ ముక్కలు.

నేను కుండని కాలితో తన్నాను. మోకాలి నొప్పి సంగతి అడిగావుగా, ఇప్పుడు పాదం కూడా కాలింది. పెద్దమ్మ ఒక్క చుక్క తాగలేదు, దేవుడున్నాడు. తాగి ఉంటే రేపు కూడా తాగేది, ఎల్లుండీ తాగేది. అచ్చులో ఉందిగా.

పసింగ్ బిత్తరపోయి గోడకి అంటుకుంది. "నేను తప్పు తీగ తెచ్చానా అత్తా?" అంది. నేను, "నువ్వు తెచ్చింది మంచిదే. నాకు కాలు తగిలి కుండ ఒరిగిపోయింది. నేనే గుడ్డిదాన్ని" అన్నాను. పెద్దమ్మ కొడుకు వచ్చి అడిగితే, కంచె నాది, తీగ నాది, చెప్పని తప్పు నాది అన్నాను. అతను నన్ను నానా మాటలూ అని వెళ్ళాడు. అననీ. పిల్ల మాత్రం సాయంత్రానికి ఆడుకోవడానికి పోయింది.

పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వెయ్యమని తోమో మాస్టారిని అడగడానికి కుంటుకుంటూ వెళ్ళాను. ఆయన నవ్వాడు. "అచ్చులో ఉన్నది తప్పెలా అవుతుంది సలూద్? రాసింది నీ చెల్లెలేగా, ఆవిడ నీకంటే చదువుకుంది" అన్నాడు. చూశావా? నా మాట ఈ ఊళ్ళో ఆ తీగ విషయంలో చెల్లదు. ముప్పై ఒక్క యేళ్ళుగా చెల్లదు. చెల్లేది నీ మాటే. అందుకే నీ కాళ్ళు పట్టుకోవడం మానేసి నిన్ను తిడుతున్నాను.

అమ్మ సంగతి నేను చర్చి మెట్ల మీద ఏం చెప్పానో అదే. దానిమీద ఇంక ఒక్క ముక్క రాయను, నువ్వూ రాయకు.

నేను అడిగేది ఒక్కటే. మనీలాలో యూనివర్సిటీ వాళ్ళ తోట ఉందట, ప్రతి మొక్కకీ పేరు రాసిన రేకు ఉంటుందట. అక్కడికి వెళ్ళు. బతుకుతీగ అని రాసిన రేకు దగ్గర నిలబడి కాడ తడుము. నీకు కోపం ఉంటే నాతో పోట్లాడు. తీగతో పోట్లాడకు, దానికి నోరు లేదు. అది ఎవర్నీ చంపలేదు. దాన్ని ఎవరూ పిలవకపోతే ఎవరి కుండలోకీ రాదు.

వానలు దిగాయి. గొంగళిపురుగులు నలభై మూడు మిగిలాయి. కొండ వెనక ఒక చోట తీగ దొరికింది, పొద్దున్నే వెళ్ళి ఆకు తెస్తున్నాను.

తొందరగా వెళ్ళు.

సలూద్


మనీలా
ఆగస్టు 2

అక్కకి,

నీ కుడిచెయ్యి నా నుదుటికి ఆనించుకుని రాస్తున్నాను. ఈసారి నిజంగా.

తోటకి వెళ్ళాను. నువ్వు చెప్పావని కాదు, నీది తప్పని నీ ముఖాన కొట్టడానికి వెళ్ళాను. తోటమాలి బతుకుతీగ రేకు దగ్గరికి తీసుకెళ్ళాడు. కాడ నిండా బొడిపెలు. రేకు మారిపోయి ఉంటుందని అతనితో వాదించాను. అతను ఓపిగ్గా ఇంకో మూల ఉన్న తీగ చూపించాడు. ఆ రేకు మీద త్రాసుతీగ అని ఉంది. కొమ్మకి ఎండిన కాయ ఒకటి వేలాడుతోంది, తాళ్ళు కట్టిన త్రాసు తట్టలా. ఆ కాడ పట్టుకున్నాను. నున్నగా, చల్లగా ఉంది. అరచేతిలో జారింది.

నా చేతికి అది తెలుసు అక్కా. నలభై రోజులు తెలుసు.

ఆ కాడ ఇంకా పట్టుకునే ఉన్నాను. అప్పుడు ఒక సంగతి గుర్తొచ్చింది. అమ్మ మంచంలోంచి, "బొడిపెలున్నది కొయ్యి ఫినా, బొడిపెలు తడుముకుని కొయ్యి" అంది. చెప్పింది. గట్టు మీద రెండు తీగలూ ఒకే చెట్టుకి అల్లుకుని ఉండేవి. బొడిపెలున్నది ముట్టుకుంటే చేతికి కూడా బొడిపెలొస్తాయని బళ్ళో పిల్లలు అనేవాళ్ళు, కప్పని ముట్టుకుంటే వస్తాయన్నట్టే. నాకు భయమేసింది. ఆకు అదేగా అని పక్కనున్న నున్నటిది కోశాను. మర్నాడూ అదే కోశాను. తర్వాత ఇంక ఆలోచించలేదు.

ఇప్పుడు నువ్వు చెప్పు. లుసేనా నుంచి కట్ట ఏదీ రాలేదు, అవునా? ఆ రోజు నువ్వు పొయ్యిలో వేసింది ఎండు కట్టా, పచ్చి తీగా? జవాబు రాయి.

నాకు ఏడుపు రావడం లేదు. నీ మీద కోపం వస్తోంది. ఎప్పుడూ రానంత వస్తోంది. నీకెవరిచ్చారు ఆ హక్కు? ఎనిమిదేళ్ళప్పుడు చెప్పలేదు, సరే, చిన్నపిల్లని. పద్దెనిమిదేళ్ళప్పుడు ఊరు వదిలి పోతూ నేను నీ ముఖం చూడకుండా పడవెక్కినప్పుడు చెప్పొచ్చుగా? పాతికేళ్ళప్పుడు? మొన్న నేను ఆ ఉత్తరం రాసినప్పుడు? అమ్మని చంపినదాన్ని నేనై ఉండి, చంపావు అని నిన్ను తిడుతుంటే, నువ్వు నాకు పాదం కాలిన సంగతి రాస్తావా? ముప్పై ఒక్క యేళ్ళు నాకు తప్పు మనిషిని అసహ్యించుకునే పని అప్పజెప్పావు. నేను దాన్ని శ్రద్ధగా చేశాను. ఇప్పుడు అదంతా ఎక్కడ పెట్టుకోను?

నా మీద జాలిపడ్డావు. నువ్వు తిట్టి ఉంటే బాగుండేది.

ఆఫీసులో చెప్పాను. పై అధికారి బల్ల మీద పిడికిలితో కొట్టాడు. పుస్తకం ఆపేశారు, తర్వాతి ముద్రణలో అట్ట మీద నా పేరు ఉండదు. అది న్యాయమే. అన్ని పుస్తకాలూ వెనక్కి తెప్పించడానికి నెలలు పడుతుందట, అందుకని సవరణ చీటీలు అచ్చు వేయించాను. మన వైపు బడులన్నింటికీ సరిపడా మూడు వందలు పడవలో పార్సిల్ చేశాను. నువ్వే ఇంటింటికీ తిరిగి ఇరవై రెండో పేజీలో అతికించాలి, పంపడానికి నాకు ఇంకెవరూ లేరు. చీటీ మీద ఇలా ఉంది:

"సవరణ. 14, 22 పేజీల్లో కాడల బొమ్మలు తారుమారయ్యాయి. బొడిపెలున్నది బతుకుతీగ. నున్నటిది త్రాసుతీగ. దాన్ని తాగకూడదు. బంగారు రెక్కల సీతాకోకచిలుకకు అదొక్కటే ఆహారం, కాబట్టి పీకకూడదు. ఈ తప్పు రచయిత్రిది. ఎనిమిదేళ్ళ వయసులో ఇదే తప్పు చేసి తన తల్లికి నలభై రోజులు త్రాసుతీగ తాగించింది. ఆమె అక్క సలూద్ ఏ కట్టా పంపలేదు."

ఒక చీటీ చర్చి తలుపుకి అంటించు. ఒకటి తోమోకి ఇచ్చి ఐదో తరగతి పిల్లల చేత గట్టిగా చదివించు, పద్నాలుగో పేజీ చదివించినట్టే.

ఫినా


ఇలాయా
ఆగస్టు 21

ఫినా,

పార్సిల్ అందింది. మూడు వందలూ లెక్కకి ఉన్నాయి.

జవాబు రాయమన్నావు. రాయను. నువ్వు ఎన్నిసార్లు అడిగినా రాయను, అలిగినా రాయను.

హక్కు ఎవరిచ్చారు అంటున్నావు. పందొమ్మిదేళ్ళదాన్ని, సముద్రం దాటి గుమ్మంలోకి వచ్చేసరికి నువ్వు పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదుతున్నావు. ముఖం నిండా మసి. నన్ను చూసి, "అక్కా, అమ్మకి మందు నేనే కాస్తున్నా, ఒక్క రోజు కూడా మానలేదు" అన్నావు. అంత గర్వంగా ఎవరైనా చెప్పడం నేను మళ్ళీ వినలేదు. అప్పుడు ఎవరి హక్కు ఏదో ఆలోచించే తీరిక నాకు లేదు. ఇప్పుడు నీకు తీరిక ఉంది, కోప్పడు. బాగా కోప్పడు. నేను కాదన్నానా?

ఆ తీగ ఎందుకు పెంచావని అడిగావు ఇంతకుముందు. చెబుతాను. ఊళ్ళో వాళ్ళు అప్పుడే దాన్ని నరికెయ్యబోయారు. నరికేస్తే ప్రతి యేడూ ఎందుకు నరికామో ఎవరో ఒకరు నీ ముందు చెప్పుకుంటారు. పురుగులకి మేతగా పెంచితే అది మేతే అవుతుంది, ఇంకేం కాదు. అలా మొదలుపెట్టాను. తర్వాత పురుగులంటే ఇష్టం పుట్టింది, అది వేరే సంగతి. నాకు మరీ అంత పెద్ద మనసు అంటగట్టకు.

ఇరవై రెండో పేజీలో చీటీలు అతికించాను, ఊరూరా తిరిగి ప్రతి పుస్తకంలోనూ. పసింగ్ జిగురు పట్టుకుని వెంట వచ్చింది. తోమో మాస్టారు చీటీ రెండుసార్లు చదివి, ఈసారి నవ్వకుండా, పిల్లల్ని మళ్ళీ వరసలో నిలబెట్టి గట్టు మీద రెండు తీగలూ నాటించాడు. అచ్చులో ఉందిగా మరి. మిగిలిన పురుగుల్లో ముప్పై ఎనిమిది గూడు కట్టుకున్నాయి. మొన్న ఆదివారం మొదటిది రెక్కలు విప్పింది. ఇబ్యాంగ్ పెద్దమ్మ లేచి తిరుగుతోంది, నేను తన్నిన కుండ సంగతి నాకు రోజూ గుర్తు చేస్తోంది.

నవంబరు ఒకటిన అందరూ సమాధుల దగ్గర దీపాలు పెడతారు. అమ్మ సమాధి మీద రెల్లు నడుము ఎత్తు పెరిగింది. ముప్పై ఒక్క యేళ్ళు నేనొక్కదాన్నే పీకాను. ఈసారి పీకను. నా పాదం ఇంకా మానలేదు. ఎవరు పీకుతారో నాకు తెలీదు, కొడవలి మాత్రం పదును పెట్టించి ఉంచుతాను.

ఇంకొకటి. నీ చీటీలు పంచేముందు కత్తెర తీసుకుని కూర్చున్నాను. 'పీకకూడదు' అన్న మాట దగ్గర ఆపి, కింద ఉన్నదంతా కత్తిరించాను. మూడు వందల చీటీల్లోనూ. రెండు మధ్యాహ్నాలు పట్టింది, బొటనవేలు బొబ్బెక్కింది. నువ్వు మళ్ళీ అచ్చు వేయించి పంపితే మళ్ళీ కత్తిరిస్తాను. నా కత్తెరకి పని తక్కువేం లేదు.

ఆ ముక్కలన్నీ పోగుచేసి అమ్మ పొయ్యిలో వేశాను. కాగితం కాబట్టి ఈసారి తొందరగానే కాలిపోయింది. అప్పుడు పచ్చిది, చాలాసేపు పొగ వచ్చింది.

సలూద్